ఆఖరి గజం దారం: ముట్టుకాడు ఉప్పుటేరులో పండుగప్ప వేట

నమస్కారం. తెర మీద మీరు చూస్తున్నది చెన్నై నగరానికి దక్షిణాన ఉన్న ముట్టుకాడు ఉప్పుటేరు. తెల్లవారుజామున నాలుగున్నర కావస్తోంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు వంతెన మీద వెళ్తున్న లారీల దీపాలు తప్ప వేరే వెలుతురు లేదు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే కోవళం మొగ గుండా పోటు నీరు లోపలికి రావడం ఇప్పుడే మొదలైంది. ఒక్క క్షణం మాట్లాడకుండా వినండి. వంతెన స్తంభం పక్కన, ఖాళీ చెంబును బోర్లించి నీళ్లలోకి నొక్కి ఒక్కసారిగా వదిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. అది పండుగప్ప చేసిన చప్పుడు. నీటి పైపొరలో ఈదుతున్న చిన్న చేపను అది కొరికి పట్టుకోదు; పెద్ద నోరు ఒక్కసారిగా తెరిచి, చుట్టూ ఉన్న నీటితో సహా లోపలికి పీల్చేసుకుంటుంది.

గాలం వేట కొత్తగా మొదలుపెట్టిన మిత్రులు నన్ను దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతారు: దారం చుట్టుకొనే రీలు ఏది కొనుక్కోవాలి అని. చెన్నైలో ఈ వేట మీద మక్కువ ఉన్న తెలుగువాళ్లం నలుగురం కలిసినా మాటలు ముందుగా రీలు మీదికే వెళ్తాయి. నా సమాధానం మాత్రం వేరుగా ఉంటుంది. రీలుకు అనుకున్న డబ్బులో కొంత తగ్గించుకొని, చేప నోటికి ఆనుకొని ఉండే ఆఖరి గజం మీద పెట్టండి. ఆ గజంలో ఉండేవి కొంచెం లీడర్ దారం, అంటే అసలు దారం కొసకు ముడివేసే రాపిడికి తట్టుకొనే ముక్క, ఒకటి రెండు ముడులు, ఒక ఎర, దానికి ఒక గాలం, అంతే. చేప చేతికి దక్కడమూ, దక్కిన చేప బతికి తిరిగి వెళ్లడమూ, ఇదే నీటిలో దిగి పొట్టపోసుకొనే మనుషుల కాళ్లూ చేతులూ క్షేమంగా ఉండడమూ ఆ గజం మీదే ఆధారపడి ఉన్నాయని నేను నమ్ముతున్నాను.

మనం వాడుతున్న సామగ్రిలో చాలా భాగం మన చేపల కోసం పుట్టినది కాదు. ఫిన్లండ్‌కు చెందిన లౌరి రపాలా 1936లో కార్కును చేప ఆకారంలో చెక్కి, చాక్లెట్ చుట్టిన తగరపు రేకును దానికి అంటించి తన మొదటి ఎరను తయారుచేసుకున్నాడు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ 1949లో మెత్తని ప్లాస్టిక్‌తో వానపామును పోత పోశాడు. ఆ తరువాతి దశాబ్దాల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప చుట్టూ అమెరికాలో పెద్ద వ్యాపారమే పెరిగింది. ఈ రోజు మన పెట్టెల్లో ఉన్న ఎరలలో చాలావాటి పుట్టుపూర్వోత్తరాలు అక్కడికే చేరుతాయి. ఆ చేప బరువు రికార్డు కథ నాకు చాలా ఇష్టం. జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ 1932 జూన్ 2న 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను, అంటే దాదాపు 10.09 కిలోల చేపను పట్టాడు. ఆ చేపను ఇంటిల్లిపాదీ వండుకొని తిన్నారు. 77 ఏళ్ల తరువాత, 2009 జూలై 2న, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా 10.12 కిలోల బాస్‌ను పట్టాడు. పాత రికార్డును దాటాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ తూగాలన్నది అంతర్జాతీయ నియమం కాబట్టి, ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లూ సమానంగానే నిలిచి ఉన్నాయి.

మన పండుగప్ప ఆ బాస్‌కు దగ్గరి చుట్టం కాదు. ఇంగ్లీషులో దీనిని ఏషియన్ సీబాస్ అంటారు, ఆస్ట్రేలియాలో బారముండి అంటారు, ఇక్కడి తమిళులు కొడువా అంటారు, కలకత్తాలో భెట్కీ అంటారు. కుటుంబాలు వేరైనా తిండి తినే తీరు, చెట్టు వేర్ల కిందా స్తంభాల నీడలోనూ మాటు వేసే అలవాటు ఒక్కటే కావడం వల్ల బాస్ కోసం చేసిన ఎరలు దీనికీ పనికొస్తున్నాయి. అయితే బలంలో పోలిక లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, మండూరన్ జలాశయంలో 2010లో గాలానికి చిక్కిన పండుగప్ప 44.64 కిలోలు తూగింది. బాస్ సామగ్రిని ఉన్నది ఉన్నట్టుగా ఉప్పుటేరుకు తీసుకువస్తే ఓడిపోయేది మొదట గాలం, తరువాత లీడర్.

రాడ్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఏడు అడుగుల పొడవు, 10 నుంచి 30 గ్రాముల ఎరను విసరగల బిగువు ఉంటే చాలు. విసిరినప్పుడు చుట్ట తిరగకుండా దారం మాత్రమే జారే స్పిన్నింగ్ రీలులో 3000 లేదా 4000 సైజు సరిపోతుంది. తిరిగే చుట్టను బొటనవేలితో అదుపు చేసే బెయిట్‌కాస్టింగ్ రీలు గురి విషయంలో ఎంతో మేలైనదే కానీ, చీకట్లో, ఎదురుగాలిలో బొటనవేలి అదుపు తప్పితే దారమంతా చిక్కుపడి ఆ పూట వేట అక్కడితో ముగుస్తుంది కాబట్టి, మొదటి ఏడాది దాని జోలికి వెళ్లవద్దనే చెబుతాను. మెత్తని ప్లాస్టిక్ చేపను 10 గ్రాముల జిగ్ హెడ్‌కు, అంటే తల దగ్గర బరువు పోసిన గాలానికి గుచ్చి, స్తంభం పక్కన నేలను తాకనిచ్చి, మెల్లగా లేపుతూ దించుతూ లాగితే నాకు ఎక్కువ చేపలు పడ్డాయి. నీటి మీద చప్పుడు చేసే పాపర్‌ను వెలుగు పూర్తిగా రాకముందు, నీరు నిలకడగా ఉన్నప్పుడు వేయండి.

ఇక లీడర్. దయచేసి ఈ దృశ్యాన్ని దగ్గరగా చూడండి. ఇది పండుగప్ప చెంప. మొప్ప మూత ముందున్న ఈ ఎముక అంచు మీద వేలు పెట్టి జరిపితే తెగుతుంది; తల విదిలించినప్పుడల్లా ఈ అంచే దారాన్ని కోస్తుంది. చేప పైకి ఎగిరి తల అటూ ఇటూ విసురుతుంది, లేదా స్తంభం చుట్టూ తిరిగి అక్కడ అతుక్కొని ఉన్న గుల్లలకు దారాన్ని రాపిడి పెడుతుంది. రీలు మీద ఉండే అల్లిక దారం, అంటే బ్రెయిడ్, లాగడానికి ఎంతో గట్టిది కానీ రాపిడికి నిలవదు. అందుకే దాని కొసకు 40 పౌండ్ల లాగుడుకు తట్టుకొనే లీడర్‌ను ఒక గజం పైగా ముడివేస్తాం. రెండింటినీ కలపడానికి ఎఫ్‌జీ అనే ముడికి మించినది నాకు దొరకలేదు. ఇందులో లీడర్‌ను అసలు మెలి వేయము. అది తిన్నగా ఉంటుంది, బ్రెయిడ్ మాత్రం దాని చుట్టూ ఒకసారి పైనుంచి ఒకసారి కిందనుంచి ఇరవై చుట్ల దాకా జడ అల్లినట్టు బిగుసుకుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది, రాడ్ మీది వలయాల్లో తట్టుకోకుండా జారుతుంది.

ఈ ముడి నాకు నేర్పినది సూళ్లూరుపేట నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన ఒక పెద్దాయన. మేమందరం ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాం. ఆయన పులికాట్ సరస్సు ఒడ్డున పెరిగిన మనిషి. రెండేళ్ల కిందట, కార్తీక పౌర్ణమి మరునాడు, వానలకు మొగ తెరుచుకొని నీరు బలంగా పారుతున్నప్పుడు నాకు ఒక పెద్ద చేప తగిలింది. అది రెండుసార్లు నీటి పైకి ఎగిరింది, ఆ తరువాత దారం ఒక్కసారిగా తేలికైపోయింది. చుట్టుకొని చూస్తే లీడర్ గరుకుగా, పీచు లేచి తెగి ఉంది. అంతకు పావుగంట ముందు ఒక చిన్న చేపను పట్టి వదిలాను, ఆ తరువాత లీడర్‌ను తడిమి చూడలేదు. తప్పు పూర్తిగా నాదే. బాబాయ్ నా పక్కన కూర్చొని, నా చేతిలోని దారం కొసను తీసుకొని చూసి, "ఏందబ్బయ్యా, రీలు తుడిచినన్ని సార్లు ఈ దారం తడిమి చూసుంటే చేప నీదే గదా" అన్నాడు. ఆ మాట కటువుగా అనలేదు. తన లీడర్ చుట్టలోంచి రెండు గజాలు తెంపి ఇచ్చి, తల దీపం వెలుగులో నా చేతనే మూడుసార్లు ఆ ముడి వేయించి, మూడోసారి బిగువు చూసి సరే అన్నాడు. అప్పటి నుంచి ప్రతి చేప తరువాతా, స్తంభానికి తగిలిన ప్రతి విసురు తరువాతా, బొటనవేలి గోరుతో లీడర్ పొడవునా తడిమి చూస్తాను. గోరుకు ఏ చిన్న గరుకు తగిలినా ఆ ముక్క కోసేస్తాను.

డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు రీలు దారం వదిలే బిగువు, దాని విషయంలో కూడా చేతి అంచనాను నమ్మకండి. కూరగాయలు తూచే స్ప్రింగు కాటా ఒకటి తెచ్చుకొని, దారం కొసను దానికి తగిలించి, రాడ్ వంచి లాగి చూడండి. మీ సామగ్రిలో అన్నింటికన్నా బలహీనమైనది ఎంత బరువుకు తెగుతుందో, అందులో నాలుగో వంతు దగ్గర రీలు దారం వదలాలి. 14 కిలోలకు తెగే బ్రెయిడ్ అయితే మూడున్నర కిలోలు.

గాలాల దగ్గర నేను కొంచెం పట్టుదలగా మాట్లాడతాను. బజారులో కొన్న ఎరకు కింద మూడేసి ముళ్లున్న గాలాలు రెండు వేలాడుతుంటాయి. బాస్ కోసం చేసిన ఎరలైతే ఆ గాలాలు సన్నగా ఉంటాయి, పెద్ద పండుగప్ప వాటిని తిన్నగా సాగదీస్తుంది. నేను వాటిని తీసేసి, బలమైన ఒంటి గాలాలు వేసి, ఎదురుముల్లును పటకారుతో నొక్కేస్తాను. దీనికి మొదటి కారణం చేప: ఒంటి గాలం దవడ మూలకు పట్టుకొని, ఒక్క తిప్పుతో ఊడి వస్తుంది. రెండో కారణాన్ని మనం తక్కువగా మాట్లాడుకుంటాం. ఈ ఉప్పుటేరులో ఇరుళర్ అనే గిరిజన కుటుంబాల ఆడవాళ్లూ మగవాళ్లూ మొలలోతు నీటిలో దిగి, బురదలో ఒట్టి చేతులతో తడిమి రొయ్యలు పట్టుకుంటారు. మనం స్తంభానికి తగిలించి తెంపుకొని వదిలేసిన ప్రతి ఎరా ఆ చేతుల కోసం కాచుకొని ఉన్న ముల్లే. మనం ఇక్కడికి సెలవు రోజున సంతోషం కోసం వస్తాం, వాళ్లు కూలి గిట్టుబాటు కోసం వస్తారు. కాబట్టి గాలం చిక్కుకుంటే వెంటనే తెంపేయకండి, కోణం మార్చి, వీలైతే నీరు తగ్గిన తరువాత దిగి తీయండి. కోసిన దారపు ముక్క ఒక్కటి కూడా ఒడ్డున వదలకండి. విసురు వల వేసే మనిషి వస్తే మన గాలం వెనక్కి చుట్టుకొని చోటు ఇవ్వడం ధర్మం. పులికాట్ జాలర్లు ఏ చోట ఎవరు ఎప్పుడు వల వేయాలో వంతుల ప్రకారం పంచుకొనే పద్ధతిని 'పాడు' అంటారు. అది చూస్తూ పెరిగిన బాబాయ్, మా బృందంలో కూడా స్తంభం పక్కన నిలబడే మంచి చోటును అరగంటకు ఒకరి చొప్పున వంతు వేశాడు.

చేపను ఎందుకు వదలాలన్న ప్రశ్న కూడా నాకు వస్తుంది. నేను పండుగప్ప పులుసు తింటూ పెరిగినవాడిని, తినవద్దని ఎవరికీ చెప్పను. కానీ ఈ చేప జీవితంలో ఒక విశేషం ఉంది. పండుగప్ప ముందు మగచేపగా ఎదుగుతుంది. కొన్నేళ్లు గడిచి, సుమారు 80 సెంటీమీటర్లు దాటిన తరువాత ఆడచేపగా మారుతుంది. అంటే మనం ఫొటో కోసం ఎంతో ఆశపడే పెద్ద చేపలు దాదాపు అన్నీ ఆడవే, వాటిలో బాగా పెద్దది కోట్ల సంఖ్యలో గుడ్లు పెట్టగలదు. పైగా ఆ గుడ్లకు ఉప్పునీరే కావాలి. మంచినీటి చెరువులో పండుగప్ప పెరుగుతుంది కానీ సంతానాన్ని ఇవ్వదు. బందీగా ఉంచిన పండుగప్పల చేత గుడ్లు పెట్టించి పిల్లలను పెంచడం చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలకు 1997లో సాధ్యమైంది. ఆ సంస్థ ప్రయోగ కేంద్రం ఈ ముట్టుకాడులోనే ఉంది. మా నియమం సులువైనది: 70 సెంటీమీటర్లు దాటిన చేపను ఇంటికి తీసుకువెళ్లం. వదలడమే అన్నిచోట్లా సరైనదని మాత్రం అనుకోకండి. బివా సరస్సులో బాస్ బయటి నుంచి వచ్చి స్థానిక చేపలను తినేస్తోంది కాబట్టి, పట్టిన బాస్‌ను తిరిగి నీటిలో వదలడాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఇక్కడ పండుగప్ప మన సొంత చేప.

పోయిన పౌర్ణమి నాడు తీసిన దృశ్యం ఇప్పుడు చూపిస్తున్నాను. వంతు ప్రకారం స్తంభం దగ్గర నిలబడినవాడు గూడూరు నుంచి వచ్చిన తమ్ముడు, అతను గాలం పట్టడం మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది. చేప తగిలిందని అతను కేక వేయగానే మిగిలిన ముగ్గురమూ మా దారాలు చుట్టేసుకున్నాం, ఎందుకంటే పెద్ద చేప ఎటు పరుగెత్తుతుందో చెప్పలేం. బాబాయ్ రబ్బరు జాలీ ఉన్న వల పట్టుకొని మోకాలి లోతుకు దిగాడు. దీపం పడగానే దాని కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా మెరవడం మీకు కనిపిస్తోంది. చేతులు ముందుగా తడుపుకోవడం, దవడ పట్టి నిలువుగా వేలాడదీయకుండా ఒక చేయి పొట్ట కింద పెట్టి అడ్డంగా ఎత్తడం గమనించండి. ఇంత బరువు దవడ మీద వేలాడితే దాని వెన్ను దెబ్బతింటుంది. కొలత 84 సెంటీమీటర్లు. ఫొటో ఒక్కటే తీశాం. తల పోటు నీటికి ఎదురుగా ఉండేలా పట్టుకొని ఉంచితే, రెండు నిమిషాలకు మొప్పలు నిదానంగా ఆడాయి, తోక ఒక్కసారి బలంగా కొట్టి మా ముఖాల మీద నీళ్లు చల్లి వెళ్లిపోయింది.

తమ్ముడు అలాగే నీటి వైపు చూస్తూ నిలబడిపోయాడు. మేమందరం భుజం తట్టాం. బాబాయ్ వల దులుపుకొంటూ, "దారం చూసుకున్నావా, అబ్బయ్యా?" అని మాత్రం అడిగాడు. అతను గోరుతో కింది నుంచి పైకి తడిమాడు, ముడికి జానెడు దూరంలో గరుకు తగిలింది, ఆ గజం దారాన్నీ కోసి మడిచి జేబులో పెట్టుకొని, కొత్త లీడర్ చుట్ట కోసం చేయి చాపాడు.