చావుకి 20 ఏళ్ల ముందే సమాధికి కర్చీఫ్ వేసిన పెద్దాయన

బస్సు స్టాండులోకి వస్తూ ఉండగానే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపేస్తాం కదా. మనకి కొత్తేం కాదు. ఒక పెద్దాయన తన సమాధికి అలాగే కర్చీఫ్ వేశాడు. అదీ చనిపోవడానికి దాదాపు 20 ఏళ్ల ముందు! చోటు తనే చూసుకున్నాడు, గొయ్యి తనే తవ్వుకున్నాడు, గ్రానైట్ బండ మీద పేరు తనే చెక్కుకున్నాడు. అంతటితో ఆగకుండా చుట్టూ సెకోయా అనే మహావృక్షాల మొక్కలు నాటి, నీళ్లు పోసి పెంచాడు. ఆయన పేరు గేలెన్ క్లార్క్. చోటు కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయ.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో ఉండే మనవాళ్లకి యోసెమిటీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారంటే జెట్ లాగ్ తీరకముందే పులిహోర డబ్బాలతో బయలుదేరతాం. జలపాతం, హాఫ్ డోమ్ అనే పెద్ద రాతికొండ, ఫోటో, రిటర్న్. మ్యూజియం పక్కనే ఒక చిన్న స్మశానం ఉందని చాలామంది గమనించరు. గమనించినా లోపలికి వెళ్లరు. నేను వెళ్దామంటే మా నాన్న, "ఇంత దూరం వచ్చింది సమాధులు చూడ్డానికా?" అన్నారు. అమ్మ అయితే గేటు దగ్గరే ఆగిపోయింది.

ఈ వీడియో చేయడానికి కారణం అది కాదు. దీన్ని పయనీర్ సిమెట్రీ అంటారు. ఆ 'పయనీర్' అనే మాటకి మనవాళ్లు చెప్పే అర్థం వింటే నాకు ఒళ్లు మండుతుంది. "మనిషి జాడలేని అడవిలో మొట్టమొదట కాలుపెట్టినవాళ్లు" అంటారు. మనిషి జాడ లేకపోవడమేంటి?

మళ్లీ బస్సు దగ్గరికే వద్దాం. కర్చీఫ్ ఎక్కడ వేస్తాం? ఖాళీ సీటు మీద. ఈ బస్సులో సీట్లన్నీ నిండి ఉన్నాయి. ఆ లోయని అవాహ్నీ అని పిలుచుకుంటూ అక్కడి ఆదివాసులు తరతరాలుగా బతుకుతున్నారు. బంగారం వేటకి వచ్చినవాళ్లకీ వాళ్లకీ గొడవలు ముదిరి, 1851 మార్చిలో మారిపోసా బెటాలియన్ అనే దళం వాళ్లని తరమడానికి లోయలోకి దిగింది. ఆదివాసుల నాయకుడు టెనాయా. పై కొండల్లో ఒక సరస్సు దగ్గర వాళ్లు పట్టుబడ్డాక, దళంలో ఉన్న బన్నెల్ అనే ఆయన "ఈ సరస్సుకి నీ పేరు పెడుతున్నాం" అని టెనాయాకి గొప్పగా చెప్పాడట. "దీనికి పేరు ఇప్పటికే ఉంది" అన్నాడట ఆయన. ఈ సంగతి బన్నెలే రాసుకున్నాడు. కూర్చున్న మనిషిని లేపేసి, అదే సీటుకి అతని పేరు పెట్టి సన్మానం చేయడమన్నమాట. ఇప్పటికీ మ్యాపులో అది టెనాయా లేక్.

మరి ఈ స్మశానంలో ఉన్న పయనీర్లు ఎవరు? ఆ తర్వాత వచ్చి కర్చీఫ్‌లు వేసినవాళ్లు.

అందులో ఇద్దరి కథ నాకు భలే ఇష్టం. జేమ్స్ లామన్ 1859లో వచ్చి, గుడిసె వేసుకుని ఆపిల్ తోట పెట్టాడు. కర్రీ విలేజ్ దగ్గర మనం కారు ఆపుకునే పార్కింగ్ లాట్‌లో ఆపిల్ చెట్లు ఉంటాయి చూశారా? అవి ఆయన తోటలోవే. రెండో ఆయన జేమ్స్ హచింగ్స్. 1855లోనే టూరిస్టులని వెంటబెట్టుకొచ్చి, పత్రికలో రాసి, లోయకి పేరు తెచ్చిన మనిషి. 1864లో అక్కడ ఒక హోటల్ కొన్నాడు. ఆయన టైమ్ చూడండి. అదే ఏడాది జూన్ 30న లింకన్ సంతకంతో లోయ మొత్తం కాలిఫోర్నియా రాష్ట్రానికి ప్రజల కోసం వెళ్లిపోయింది.

అప్పట్లో ప్రభుత్వ భూమిలో స్థిరపడితే 160 ఎకరాల వరకు, ఎకరం డాలరుంపావు చొప్పున కొనుక్కునే వీలుండేది. దాన్ని నమ్ముకుని "ముందు కర్చీఫ్ వేసింది మేమే" అని ఇద్దరూ పట్టుబట్టారు. హచింగ్స్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1872లో తీర్పొచ్చింది: కర్చీఫ్ వేసినంత మాత్రాన సీటు నీది కాదు, డబ్బు కట్టి టికెట్ తీసుకుంటేనే హక్కు. (మాటలు నావి, తాత్పర్యం కోర్టుది.) తర్వాత రాష్ట్రం నష్టపరిహారం ఇచ్చిందనుకోండి, భూమి మాత్రం పోయింది. ఆదివాసుల సీటు గురించి ఆ కేసులో ఎవరూ అడగలేదు.

లామన్ 1875లో పోయాడు. హచింగ్స్ 1902లో, ముసలితనంలో లోయ చూద్దామని వస్తుంటే గుర్రాలు బెదిరి బండిలోంచి పడి పోయాడు. బతికుండగా లోయలో సెంటు భూమి దక్కని ఇద్దరికీ ఈ స్మశానంలో చోటు దొరికింది.

ఇప్పుడు మన పెద్దాయన. క్లార్క్ కూడా 1853లో కాలిఫోర్నియాకి బంగారం కోసమే వచ్చాడు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటే, ఎన్నో నెలలు బతకవన్నారు డాక్టర్లు. వయసు 40 దాటింది. సరే, చచ్చేదేదో కొండల్లోనే చద్దామని 1857లో లోయకి దక్షిణాన వవోనా అనే చోట గుడిసె వేసుకున్నాడు. మారిపోసా గ్రోవ్ అనే తోపులోని సెకోయా మహావృక్షాల గురించి లోకానికి చాటాడు. 1866లో లోయకి మొదటి గార్డియన్, అంటే సంరక్షకుడు అయ్యాడు. చావు మాత్రం రాలేదు! గొయ్యి సిద్ధం, రాయి సిద్ధం, మొక్కలు ఏపుగా ఎదుగుతున్నాయి, సీటు రిజర్వ్ చేసుకున్న ప్యాసింజర్ లోయంతా తిరుగుతున్నాడు. చివరికి 1910 మార్చి 24న ఓక్లండ్‌లో పోయాడు. ఇంకో నాలుగు రోజులుంటే 96 నిండేవి. అక్కడి నుంచి తీసుకొచ్చి, ఆయన తవ్వుకున్న గోతిలోనే పెట్టారు.

అయ్యో, టైమ్ అయిపోయింది. మిగతావి గబగబా చెప్పేస్తా. హాఫ్ డోమ్ మీదికి మనిషనేవాడు ఎక్కలేడని నిపుణులు రాశాక, 1875లో రాతికి రంధ్రాలు తొలిచి ఇనప కొక్కేలు దిగ్గొట్టుకుంటూ ఎక్కేసిన జార్జ్ ఆండర్సన్ ఇక్కడే ఉన్నాడు. హచింగ్స్ కూతురు ఫ్లారెన్స్ కూడా ఇక్కడే, 17 ఏళ్లకే పోయింది. ఒక శిఖరానికి ఆమె పేరు పెట్టారు. ఆదివాసుల సమాధులు కూడా వీళ్ల పక్కనే ఉన్నాయి. లోయలో వాళ్ల చివరి పల్లె ఇళ్లని 1969లో పార్కు వాళ్లే లేకుండా చేశారు. 1969, గుర్తుపెట్టుకోండి, చంద్రుడి మీద మనిషి దిగిన ఏడాది!

ఇంకొక్కటి. పేరే లేకుండా 'ఒక అబ్బాయి' అని మాత్రమే రాసి ఉన్న సమాధి ఒకటుంది. నేను దాని దగ్గర నిలబడి ఉంటే, గేటు దగ్గర ఆగిపోయిన అమ్మ ఎప్పుడు లోపలికి వచ్చిందో, నా పక్కన ఉంది. ఏం రాసుందని అడిగింది, చెప్పాను. "ఎవరి బిడ్డో" అంది. రూముకి వెళ్లగానే ఇద్దరికీ తలస్నానం తప్పలేదు.