కోర్టులో కొట్టేసిన కేసు, కంప్యూటర్లో అలాగే ఉంటే?

శ్రోతలందరికీ నమస్కారం.

కువైట్‌కు పోదామని పాస్‌పోర్టుకు పెట్టుకున్న అబ్బాయి ఒకడు మొన్న కడపలో మా ఆఫీసుకు వచ్చాడు. ఎనిమిదేళ్ల కిందట చేను గట్టు మీద, బోరు నీళ్ల కోసం జరిగిన తగాదా. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అయినా పోలీసు ఎంక్వయిరీలో "నీ మీద కేసు ఉన్నట్టు చూపిస్తోందే" అన్నారట. "ఎప్పుడో అయిపోయింది సార్" అన్నాడు గానీ, చేతిలో కాగితం లేదు. నా ముందు కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ రుమాలు మెలితిప్పుతూనే ఉన్నాడు.

రాజీ పడదగ్గ కేసులో రాజీ అయితే, చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. కానీ ఆ ఫలితం పోలీసుల కంప్యూటర్లో ఎక్కకపోతే పాత ఎఫ్ఐఆర్ అలాగే కనిపిస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2018లో ఒక చట్టం తెచ్చారు. అర్హత ఉన్న పాత కేసుల జాబితాను కోర్టుల యంత్రాంగమే నెలనెలా పోలీసులకు పంపుతుంది. మనిషి తిరగాల్సిన పని లేకుండా రికార్డు మరుగున పడుతుంది. పెద్దవాళ్ల కేసులకు మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పిల్లల విషయం వేరు. పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగిన తప్పయితే, కొన్ని ఘోర నేరాలు మినహా, అప్పీలు గడువు దాటాక ఆ రికార్డు తీసేయాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ముగిసిన అలాంటి కేసును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. ఈ సంగతి తెలియక ఎంతమంది తల్లిదండ్రులు కుమిలిపోతున్నారో!

ఇక ఫోన్‌కు వచ్చే నోటీసులు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్ఎస్ఎస్) ప్రకారం కోర్టు సమన్లు ఎలక్ట్రానిక్‌గా కూడా రావచ్చు. విచారణకు రమ్మనే పోలీసు నోటీసు మాత్రం వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటిది వస్తే టెన్షన్ పడకండి, ముందు వకీలును అడగండి. మీ కేసుకు కోర్టు ఇచ్చే గుర్తింపు నంబరును సీఎన్ఆర్ నంబరు అంటారు, అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉంటాయి. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే కేసు ఏ దశలో ఉందో కనిపిస్తుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ వాళ్లు దారి చూపుతారు.

ఆ అబ్బాయి చేత కోర్టులో రాజీ ఉత్తర్వు కాపీ కోసం అప్లికేషన్ పెట్టించాను. సర్టిఫైడ్ కాపీ రాగానే జిరాక్స్ తీసి, అర్జీకి జతచేసి స్టేషన్లో ఇచ్చాడు. అర్జీ రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ వేయించుకుని, సాయంత్రం తెచ్చి నాకు చూపించాడు.