విమానం టికెట్టు ఇప్పుడే కొనాలా, ఆగాలా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. దసరా సెలవులు ముగిశాయి. సంక్రాంతికి ఊరు వెళ్ళాలనుకునేవారు, వేసవిలో పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్ళాలనుకునేవారు అప్పుడే విమాన ఛార్జీలు చూడడం మొదలుపెట్టారు. సెలవుల ప్రయాణానికి టికెట్టు ఎప్పుడు కొనాలన్న ఒక్క విషయం మీదనే ఈ రోజు మాట్లాడుకుందాం. చాలాకాలంగా టికెట్ల బుకింగు వ్యాపారంలో ఉన్న సలహాదారు గారు మనతో ఉన్నారు. నమస్కారమండీ.

సలహాదారు: నమస్కారం. కాల్స్ తీసుకునే ముందు ఒక మాట చెప్పనివ్వండి. ఛార్జీ ఫలానా రోజున తగ్గుతుందని ముందుగా చెప్పగలవారెవరూ లేరు. మన ప్రయాణంలో ఏ తేదీ కదలదు, ఏ తేదీని కదపవచ్చు అన్నది మాత్రం మనకు తెలుసు. టికెట్టు కొనే సమయాన్ని దాన్నిబట్టి నిర్ణయించుకోవాలి గాని తెర మీద కనిపించే అంకెను బట్టి కాదు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ప్రతి సంక్రాంతికీ ముందు రైలు టికెట్ల కోసం ప్రయత్నించడం, దొరకకపోతే విమానం చూడడం మాకు అలవాటు. అప్పటికి రాజమండ్రి విమానం ఛార్జీ చూస్తే గుండె గుభేలుమంటుంది. పండుగ రోజులలోనైనా ప్రభుత్వం దీనికి ఒక హద్దు పెట్టకూడదా?

సలహాదారు: 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయిన తర్వాత ఛార్జీలను నిర్ణయించుకునే స్వేచ్ఛ విమాన సంస్థలకు వచ్చింది. కరోనా కాలంలో, 2020 మే నుంచి 2022 ఆగస్టు చివరి వరకు, ప్రభుత్వం పరిమితులు పెట్టిన మాట నిజమే గాని, పండుగకు అటువంటి ఆదేశం వస్తుందని నమ్ముకుని మనం ప్రయాణం పెట్టుకోలేము. మీ విషయంలో చిక్కంతా ముందు రైలు, తర్వాత విమానం అనే ఆ వరుసలో ఉంది. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అంటే భోగికి ముందు రోజు రైళ్ళకు బుకింగు నవంబరు నడుమ తెరుచుకుంటుంది, నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది, సీటు దొరకని వారందరూ అదే పూట విమానాల వైపు తిరుగుతారు. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానంలో ఉండేది సుమారు 78 సీట్లు. కాబట్టి విమానంలో వెళ్ళే స్తోమత, ఉద్దేశం రెండూ ఉంటే రైలు బుకింగు తెరవక ముందే, అంటే ఈ రెండు మూడు వారాలలోనే కొనండి. పండుగ తేదీ కదలదు, కనుక మీరు ఆగితే కలిసివచ్చేది ఏమీ లేదు.

శ్రోత: తిరుగు ప్రయాణం కూడా ఇప్పుడే కొనాలాండీ?

సలహాదారు: రెండూ ఒకేసారి కొనండి. అయితే తిరుగు తేదీ మాత్రం మీ చేతిలో ఉంటుంది. కనుమ మర్నాడు, ఆ వారాంతంలో వచ్చే ఆదివారం సాయంత్రం అందరూ హైదరాబాద్‌కు బయలుదేరుతారు. ఇంటి నుంచి పనిచేసే వీలుంటే ఇంకో రెండు రోజులు ఊళ్ళో ఉండి రండి. గన్నవరం ఛార్జీ కూడా ఒకసారి చూడండి. అక్కడి నుంచి కోనసీమకు రోడ్డు ప్రయాణం కాస్త ఎక్కువే అయినా, నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే కొన్నిసార్లు గిట్టుబాటవుతుంది.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ హనుమకొండ నుంచి.

శ్రోత: నమస్తే సార్. నేనూ మా ఆయనా ఇద్దరం ప్రభుత్వ ఉపాధ్యాయులం. వేసవిలో డార్జిలింగ్, గ్యాంగ్‌టాక్ చూడాలని ఉంది. ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ, మామయ్య, మొత్తం ఆరుగురం. రెండు రోజుల కింద ఊరికే ఒక్కరికి చూస్తే ఒక ధర చూపించింది, నిన్న ఆరుగురికి చూస్తే మనిషికి పదిహేను వందల దాకా ఎక్కువ చూపించింది. ఒక్కరోజులోనే అంత పెరుగుతుందా? మేము వెతుకుతున్నామని కనిపెట్టి పెంచుతున్నారా?

సలహాదారు: మీరు వెతికినందుకు పెంచలేదమ్మా. ఒక విమానంలోని ఎకానమీ సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. వాటిని ఫేర్ క్లాసులుగా విభజించి, ఒక్కో తరగతికి ఒక్కో ధర, ఇన్ని సీట్లని ఒక లెక్క పెడతారు. తక్కువ ధర తరగతిలో సీట్లు అయిపోగానే పై తరగతి ధర కనిపిస్తుంది. ఇప్పుడు మీ సంగతి చూద్దాం. అన్నిటికన్నా తక్కువ ధరలో నాలుగు సీట్లే మిగిలి ఉన్నాయని అనుకోండి. ఒక్కరికి వెతికితే ఆ ధర కనిపిస్తుంది. ఆరుగురికి కలిపి వెతికితే, ఆరు సీట్లూ దొరికే తరగతి ఏదో ఆ ధరనే సాధారణంగా ఆరుగురికీ వేస్తారు. అందువల్ల ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, నలుగురికి ఇలా వెతికి చూసి, ధర ఎక్కడ మారుతుందో గమనించి, అక్కడ రెండు బుకింగులుగా విడదీసి కొనవచ్చు.

శ్రోత: అలా విడివిడిగా కొంటే ఇబ్బంది ఏమీ ఉండదా సార్?

సలహాదారు: ఒక ఇబ్బంది ఉంది. విమానం రద్దయినా, వేళ మారినా రెండు పీఎన్‌ఆర్‌లను సంస్థ వేర్వేరు ప్రయాణాలుగానే చూస్తుంది. ఒక భాగాన్ని మధ్యాహ్నం విమానానికి, మరో భాగాన్ని మర్నాటికి మార్చే ప్రమాదం ఉంటుంది. కనుక పిల్లలను మీ ఇద్దరిలో ఒకరి పీఎన్‌ఆర్‌లో, పెద్దవాళ్ళను రెండోవారి పీఎన్‌ఆర్‌లో ఉంచండి. అత్తగారిని, మామగారిని ఇద్దరినే ఒక టికెట్టు మీద విడిచిపెట్టకండి. మిగిలే సొమ్ము కొద్దిపాటిదే అయితే ఈ తంటాలు లేకుండా అందరికీ ఒకే టికెట్టు తీసుకోవడం మేలని నా అభిప్రాయం. ఇంతకీ ఏ తేదీలు అనుకుంటున్నారు?

శ్రోత: అదే తేలడం లేదు సార్. సెలవులు ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 11 దాకా ఉంటాయి. మే నెలలో శిక్షణ తరగతులు వేస్తే ఎవరో ఒకరం వెళ్ళవలసి వస్తుంది. తేదీలు ఖాయమయ్యాక కొందామని మా ఆయన అంటున్నారు.

సలహాదారు: ఖాయమయ్యేదాకా ఆగితే ఏప్రిల్ వచ్చేస్తుందమ్మా. దానికి బదులు ఏ రోజులకు భంగం కలిగే అవకాశం తక్కువో చూసుకోండి. పదో తరగతి మూల్యాంకనం సాధారణంగా సెలవులకు ముందే పూర్తవుతుంది, శిక్షణలు మే నెలలో పడతాయి. ఈ రెండింటి నడుమ సెలవులు మొదలైన తొలి పది రోజులు మీకు భద్రమైనవి. ఢిల్లీ వంటి చోట్ల బడులకు వేసవి సెలవులు మే రెండో వారానికి ముందు మొదలుకావు, కాబట్టి కొండ ప్రాంతాలకు వెళ్ళే విమానాల మీద, హోటళ్ళ మీద అప్పటికింకా ఆ ఒత్తిడి ఉండదు. మన తెలుగు రాష్ట్రాల బడులు ముందుగా మూతపడడం ఈ ఒక్క విషయంలో మనకు వరం. ఇద్దరికీ సెలవులే కనుక శనివారం బయలుదేరి ఆదివారం తిరిగి రావలసిన అవసరమూ లేదు, మంగళ, బుధవారాల విమానాలు చూడండి. డార్జిలింగ్, గ్యాంగ్‌టాక్ వెళ్ళేవారు దిగే బాగ్‌డోగ్రా విమానాశ్రయానికి వేసవి షెడ్యూలు మార్చి చివరి ఆదివారం నుంచి అమలులోకి వస్తుంది. ఆ షెడ్యూలులో మీకు అనువైన విమానం కనిపిస్తున్నదంటే జనవరిలో ధరను గమనించడం మొదలుపెట్టి, ఫిబ్రవరి ముగిసేలోపు కొనెయ్యండి. అంతకన్నా ముందు కొన్నా నష్టమని అనను, కాని మీ కొలువులో తేదీలు మారే అవకాశం ఉంది గనుక రద్దు ఖర్చును కూడా లెక్క వేసుకోవాలి.

శ్రోత: రద్దు చేస్తే అంతా పోయినట్టేనా?

సలహాదారు: అంతా పోదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. టికెట్టు మీద "నాన్-రిఫండబుల్" అని రాసి ఉన్నా పన్నులు, విమానాశ్రయ వినియోగదారు రుసుము వంటివి తిరిగి ఇవ్వవలసిందే. చాలామంది అది తెలియక అడగకుండానే వదిలేస్తున్నారు.

వ్యాఖ్యాత: మంగళవారం అర్ధరాత్రి కొంటే చౌక అని, ప్రయాణానికి ముందు రోజు ఖాళీ సీట్లు తెగనమ్ముతారని కూడా అంటూ ఉంటారు. అవి ఎంతవరకు నిజం?

సలహాదారు: మంగళవారం ప్రయాణిస్తే చౌక కావచ్చు గాని, మంగళవారం కొన్నంత మాత్రాన కాదు. ఇక చివరి రోజు మాట. ఆఖరి సీట్లను ఉద్యోగ పనుల మీద, ఆపద మీద పరుగెత్తేవారి కోసం ఎక్కువ ధరకే అట్టిపెడతారు, ఎందుకంటే వారు ధర చూసి వెనక్కి తిరగరు. సాయంత్రం సంతలో కూరగాయల్లా వాటిని తగ్గించి అమ్మరు.

వ్యాఖ్యాత: అమెరికాలోని డాలస్ నుంచి ఒక శ్రోత ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. వచ్చే వేసవిలో భార్యాబిడ్డలతో హైదరాబాద్ రావాలి. పెద్దవాడికి బడి మే చివర ముగిసి, ఆగస్టు రెండో వారంలో తెరుస్తారు. బడి మూసిన మర్నాడే బయలుదేరి, తెరవడానికి రెండు రోజుల ముందు దిగేలా చూస్తే ధర చాలా ఎక్కువగా ఉంది. తగ్గుతుందేమోనని చూస్తున్నాను.

సలహాదారు: మీరు చెప్పిన ఆ రెండు రోజులనే మీ ఊళ్ళోని తెలుగు కుటుంబాలన్నీ కోరుకుంటాయి. ఇక్కడికి వచ్చేటప్పుడు మీతో పోటీ పడేది ఇతర ప్రవాస కుటుంబాలు. తిరిగి వెళ్ళేటప్పుడు దానికి తోడు, అమెరికా విశ్వవిద్యాలయాల ఫాల్ సెమిస్టరుకు హైదరాబాద్ నుంచి బయలుదేరే విద్యార్థులు జులై చివరి నుంచి ఆగస్టు నడుమ దాకా విమానాలను నింపేస్తారు. కనుక ఎదురుచూడడం కన్నా తేదీలను జరపడం వల్లనే ఎక్కువ లాభం. జూన్ రెండో వారంలో బయలుదేరి జులై మూడో వారానికల్లా తిరిగి వెళ్ళే ప్రయాణానికి ధర చూడండి. డాలస్ నుంచి నేరు విమానం లేదు గనుక దుబాయ్, దోహా, యూరప్ దారులన్నిటికీ ధర మారితే తెలియజేసే హెచ్చరికలు పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీకు భరించదగినదిగా తోచిన ధర రాగానే కొనండి.

శ్రోత: కొన్నాక తగ్గితే?

సలహాదారు: అమెరికా నుంచి ప్రయాణించేవారికి ఒక మంచి నిబంధన ఉంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు, నేరుగా విమాన సంస్థ వద్ద టికెట్టు తీసుకుంటే, సంస్థ 24 గంటల లోపు రుసుము లేకుండా రద్దుకు అవకాశమివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ ధరను 24 గంటలు నిలిపి ఉంచాలి. కొన్న రోజు రాత్రి, మర్నాడు ఉదయం ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత హెచ్చరికలు తీసివేయండి. మీ చిన్నబిడ్డకు ఎన్ని నెలలు?

శ్రోత: ఈ నవంబరుకు పదహారు నెలలు నిండుతాయి.

సలహాదారు: అయితే వచ్చే జులైలో రెండేళ్ళు నిండుతాయి. పుట్టినరోజు తర్వాత ఒడి బిడ్డ టికెట్టు చెల్లదు, తిరుగు ప్రయాణానికి విడిగా సీటు తీసుకోవాలి. మీ తిరుగు తేదీ ఆ పుట్టినరోజుకు ముందు ఉంటుందో, తర్వాత ఉంటుందో చూసుకుని అప్పుడు కొనండి.

వ్యాఖ్యాత: చివరి కాల్ గుంటూరు నుంచి.

శ్రోత: నమస్కారం బాబూ. ఉద్యోగ విరమణ చేసినవాడిని. ఏప్రిల్‌లో మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళాలని అనుకుంటున్నాము. వీసా ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. ఇప్పుడు టికెట్టు చౌకగా ఉంది, కొనేయమని అబ్బాయి అంటున్నాడు.

సలహాదారు: కొనకండి బాబాయి గారూ. వీసా చేతికి రాకముందు మార్చుకోలేని ప్రయాణ ఏర్పాట్లు చేసుకోవద్దని అమెరికా కాన్సులేటు వారే చెబుతారు. ఇంటర్వ్యూకు టికెట్టు చూపించవలసిన పని లేదు. తర్వాత కొంటే నాలుగు డబ్బులు ఎక్కువే కావచ్చు, కాని వీసా ఆలస్యమైతే రద్దు రుసుము అంతకన్నా బరువవుతుంది. పాస్‌పోర్టు మీద వీసా పడి మీ ఇంటికి చేరిన తర్వాత ఇద్దరికీ రాను పోను కలిపి, ఒకే టికెట్టు మీద తీసుకోమని మీ అబ్బాయికి చెప్పండి. చేరవలసిన విమానాశ్రయం నెవార్కా, న్యూయార్కా అన్నది కూడా అతన్నే చూసి నిర్ణయించమనండి.

వ్యాఖ్యాత: కార్యక్రమానికి కేటాయించిన సమయం పూర్తయింది. సలహాదారు గారికి, ఫోన్ చేసిన శ్రోతలకు ధన్యవాదాలు. నమస్కారం.