నాగజెముడు నచ్చని ఆసామి ఎస్టేటులో

నమస్కారమండీ. ఇవాళ ఒక ఎస్టేట్ గురించి చెప్దామని వచ్చాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, లాస్ ఏంజిల్స్‌కి దగ్గర్లో శాన్ మరీనో అని చిన్న ఊరు, అక్కడుంది హంటింగ్టన్ ఎస్టేట్. హెన్రీ హంటింగ్టన్ అని రైళ్లూ ట్రామ్‌లూ నడిపి బాగా గడించినాయన, 1903లో అక్కడి రాంచ్, అంటే పెద్ద వ్యవసాయ క్షేత్రం, కొన్నాడు, పెద్ద ఇల్లు కట్టాడు, పుస్తకాలూ పెయింటింగ్‌లూ పోగేశాడు, 1919లో ఆయనా భార్య అరబెల్లా కలిసి అదంతా ట్రస్టుకి రాసిచ్చేశారు, 1928లో జనానికి గేట్లు తెరిచారు. ఇప్పుడు ఆ ఇల్లే ఆర్ట్ మ్యూజియం, చుట్టూ 130 ఎకరాల దాకా తోటలు. మంగళవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి.

మీరెప్పుడైనా వెళ్తే మాత్రం ముందు ఇంట్లోకి పోకండి. గేటు తీయగానే నేరుగా ఎడారి తోటకి నడవండి, ఎందుకంటే అక్కడ నీడ తక్కువ, ఎండెక్కితే నిలబడలేరు.

అసలు ఆ తోట ఉండాల్సిందే కాదు. హంటింగ్టన్‌కి ముళ్ల మొక్కలంటే పడేది కాదు, రైలు పట్టాలు వేయించే రోజుల్లో నాగజెముడు పొదలతో పడ్డ పాట్లు ఆయన మర్చిపోలేదు. కానీ తోటలు చూసే విలియం హెర్ట్రిక్, జర్మనీ నుంచి వచ్చినవాడు, కలువ చెరువుల పక్కన ఏదీ సరిగ్గా బతకని బోడి గట్టొకటి చూసి, ఇక్కడ కాక్టస్‌లే వేద్దామని పట్టుబట్టి యజమానిని ఒప్పించాడు. 1907లో మొదలైంది. ఇప్పుడది 10 ఎకరాలు, 2,000 రకాలకి పైనే. డబ్బు హంటింగ్టన్‌దే, కాదనను, కానీ అక్కడ నడుస్తుంటే నాకు హెర్ట్రిక్ చెయ్యే కనిపిస్తుంది.

గోల్డెన్ బ్యారెల్ అనే రకం ఉంటుంది, బోర్లించిన బానల్లా గుంపులు గుంపులుగా. ఒకదాని దగ్గర కూర్చుని చూడండి. నడినెత్తిన లేత పసుపు ఉన్నిలాంటి నూగు, ఒంటి నిండా నిలువు మడతలు, హార్మోనియం తిత్తిలాగే, నీళ్లు తాగితే ఉబ్బుతాయి, ఎండకి ముడుచుకుంటాయి. చలికాలంలో వెళ్తే కలబందలు ఎర్రటి కంకులు వేసుంటాయి, హమ్మింగ్‌బర్డ్‌లు వాటి చుట్టూనే.

జపాన్ తోట, చైనా తోట కూడా ఉన్నాయి, బావుంటాయి, కాళ్లలో సత్తువ ఉంటే చూడండి.

ఎండ ముదిరాక అప్పుడు ఇంట్లోకి రండి. పెద్ద హాల్లో నీలం పట్టు బట్టలేసుకున్న అబ్బాయి బొమ్మ, 'బ్లూ బాయ్', గెయిన్స్‌బరో అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1770 ప్రాంతంలో వేసింది, 1921లో హంటింగ్టన్ 7 లక్షల డాలర్లకి పైనే పోసి కొన్నాడు. ఎక్స్‌రే తీస్తే గెయిన్స్‌బరో అబ్బాయి పక్కన ముందు ఒక కుక్కని వేసి తర్వాత రంగుతో కప్పేశాడని తేలింది, ఆ సంగతి తెలిశాక నా కళ్లు ఆ మూలకే పోతుంటాయి. దానికి జోడీగా 'పింకీ', లారెన్స్ అనే ఇంకో ఇంగ్లీషు చిత్రకారుడు 1794లో వేసిన పదకొండేళ్ల పిల్ల, పేరు సారా. చూసేవాళ్లు అక్కాతమ్ముళ్లనుకుంటారు గానీ ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, మధ్యలో ఇరవై ఏళ్ల పైన తేడా. ఆ బొమ్మ వేసిన మరుసటేడే సారా చనిపోయింది. బొమ్మలో మాత్రం టోపీ రిబ్బన్లు గాలికి ఎగురుతూనే ఉన్నాయండీ.