టైరు కొనే ముందు పాత టైరు చూడండి: తిరుపతి రైడర్లకు స్పోర్ట్ టూరింగ్ టైర్ల సంగతి

[షాట్: ప్యాడాక్ స్టాండ్ మీద బైక్. కెమెరా వెనక టైరుకు బాగా దగ్గరగా.]

నమస్తే. టైర్ల అంగడికి పోగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఇది ఎన్ని వేలు వస్తాది?" అంగడాయన ఏదో ఒక నంబరు చెప్పేస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, అడిగితే చెప్పాలి కదా. కారు టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె కనిపిస్తుంది. ఇది ఎంత మన్నుతుందో దాన్నిబట్టి కాస్త అంచనా వేసుకోవచ్చు. బైక్ టైర్లకు అలాంటి అంకె వెయ్యరు. కాబట్టి మీకు నిజం చెప్పగలిగింది ఒక్కటే, ఇప్పుడు మీ బండికి ఉన్న పాత టైరు.

[షాట్: టైరు మీద అరచెయ్యి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు.]

వెనక టైరును ఇలా అడ్డంగా నిమిరి చూడండి. కొత్తదైతే చెయ్యి గుండ్రంగా జారిపోతుంది. నడుమ చదునుగా తగిలి, పక్కకొచ్చేసరికి మెట్టు దిగినట్టు అనిపించిందా? అది హైవే అరుగుదల. బండిని ఒక పక్కకు వంచేటప్పుడు మొదట మొరాయించి, తర్వాత ఒక్కసారిగా పడిపోతున్నట్టు అనిపించేది ఆ మెట్టు వల్లే. "సస్పెన్షన్ పోయిందేమో" అని టెన్షన్ పడి మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్లలో చాలామందికి అసలు సమస్య టైరే.

[స్క్రీన్ మీద మ్యాప్: తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు, ములబాగల్, కోలారు, బెంగళూరు.]

తిరుపతిలో ఉంటాం కాబట్టి అందరికీ ఘాట్ రోడ్డే గుర్తొస్తుంది. "కొండకు పోవాల, గ్రిప్ కావాల" అని మెత్తటి టైరు అడుగుతారు. లెక్క వేసి చూడండి. 1974లో వచ్చిన రెండో ఘాట్‌లో ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగితే రెండూ కలిపి 40 కిలోమీటర్లు కూడా కాదు. అదే బెంగళూరుకు ఒక్కసారి పోయొస్తే దాదాపు 500. అందులో మొగిలి ఘాట్‌లాంటి కొన్ని మలుపులు తీసేస్తే మిగతాదంతా వంపుల్లేని తిన్నని రోడ్డే. అంటే టైరు నడుమ భాగం మీదే బండి బరువంతా గంటల తరబడి నడుస్తుంది. మెత్తటి టైరు వేస్తే మలుపుల్లో వాడాల్సిన పక్కలు కొత్తగా మెరుస్తూనే ఉంటాయి, నడుమ మాత్రం గుండైపోతుంది. డబ్బులిచ్చి కొన్న గ్రిప్ వాడకుండానే టైరు పారేస్తాం.

పోనీ గట్టి రబ్బరు టైరు వేద్దామా? అది మన్నుతుంది, సందేహం లేదు. కానీ మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. నవంబరులో తడి ఘాట్ రోడ్డు దిగుతూ ముందు బ్రేకు పట్టినప్పుడు, ఆ గట్టి రబ్బరు మీద ఎంత నమ్మకం ఉంటుందో మీరే చెప్పండి.

[షాట్: టైరు కోసిన ముక్క బొమ్మ. నడుమ ఒక రంగు, పక్కలు ఇంకో రంగు.]

స్పోర్ట్ టూరింగ్ టైరు పుట్టింది ఈ చిక్కుకోసమే. వీటిలో చాలావాటికి, ముఖ్యంగా వెనక టైరుకు, నడుమ గట్టి రబ్బరు, పక్కలకు మెత్తటి రబ్బరు ఉంటాయి. డ్యూయల్ కాంపౌండ్ అనేది దీన్నే. రబ్బరులో సిలికా అనే పొడి ఎక్కువగా కలుపుతారు. దాంతో టైరు ఇంకా వేడెక్కకపోయినా, రోడ్డు తడిగా ఉన్నా పట్టు దొరుకుతుంది. మిషెలిన్ రోడ్ 6, పిరెల్లీ ఏంజెల్ జీటీ 2, మెట్జెలర్ రోడ్‌టెక్ 01 ఈ జాతివే. పెద్ద బైక్ సైజుల్లో ఇవి జత పాతిక వేలు దాటిపోతాయి. 300 నుంచి 400 సీసీ బండ్లకైతే అపోలో ఆల్ఫా హెచ్1, టీవీఎస్ యూరోగ్రిప్ రోడ్‌హౌండ్ లాంటి మన దేశపు రేడియల్స్, అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా పోయే టైర్లు, ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, డ్యూక్ 390, డామినార్ 400, స్పీడ్ 400 నడిపేవాళ్లు ముందు వీటినే చూడాలి. విదేశీ టైరు ఒక్క జతకు పెట్టే డబ్బుతో వీటిని వేళకు మార్చుకుంటూ పోవచ్చు. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత రేటు చెబితే బిల్లులో పన్ను గీత ఒకసారి చూడండి.

[షాట్: టైరు పక్క గోడ మీద అక్షరాలు. వేలితో ఒక్కొక్కటి చూపిస్తూ.]

ఇక అంగడిలో. ఇక్కడ 150/60 ఆర్17, 66హెచ్ అని ఉంది చూడండి. ఆర్ అంటే రేడియల్. 66 అంటే 300 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. కంపెనీ ఇచ్చిన దానికంటే ఈ రెండూ తగ్గకూడదు. ముందు రేడియల్, వెనక మామూలు బయాస్ టైరు (లోపలి దారాలు ఏటవాలుగా పోయేది) కలిపి వెయ్యకండి. లుక్ కోసం ఒక సైజు వెడల్పు పెంచడం కూడా వద్దు. రిమ్‌కు సరిపోక టైరు ఆకారం మారిపోతుంది, బండి వంగడానికి బద్ధకిస్తుంది.

డబ్బు కట్టకముందు, టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర ఈ నాలుగు అంకెలు చదవండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని. పెద్ద బైక్ సైజులు మన ఊళ్లో స్టాక్ ఉండటం తక్కువ, చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పిస్తారు. వచ్చాక చూస్తే మూడేళ్ల కిందటి సరుకు కావచ్చు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ నాలుగు అంకెలు ఫోటో తీసి పంపమనండి. "అన్నీ కొత్తవే సార్" అన్నా ఫోటో అడగండి, అందులో మొహమాటం ఏముంది?

[షాట్: పొద్దున పూట, గాలి గేజి ముందు టైరుకు పెట్టి.]

ఇంత చేసినా టైరు తొందరగా పోతోందంటే నేను మొదట అనుమానించేది గాలిని. రేణిగుంట వైపు మే నెల రోడ్డు మీద టైరు ఎలా కాలిపోతుందో మీకు తెలుసు. ఆ వేడి టైరుకు బంకులో గాలి చూపిస్తే ప్రెషర్ ఎక్కువ కనిపిస్తుంది. "ఎక్కువుంది, తీసెయ్" అంటాం. పొద్దునకు టైరు చల్లారేసరికి గాలి తక్కువ. తక్కువ గాలితో నడిస్తే టైరు ఇంకా వేడెక్కుతుంది, ముందు టైరు అలలు అలలుగా అరుగుతుంది. వేలు పెడితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. బండి కదలకముందే, చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఎంత పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే ఎంతో కూడా చాలా బండ్లకు విడిగా రాసి ఉంటుంది. ఒక చిన్న గేజి కొనుక్కోండి, బంకు మీటరును నమ్ముకోకండి.

గాడుల మధ్య ఈ చిన్న కట్టలు, అంటే అరుగుదల చూపే టీడబ్ల్యూఐ గుర్తులు, చుట్టూ ఉన్న రబ్బరుతో సమానమైతే టైరు మార్చాల్సిందే. నడుమ మాత్రమే సమానమైనా మార్చాల్సిందే, పక్కల గాడులు చూసి మోసపోవద్దు.

బిగించేటప్పుడు పక్కన ఉన్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా అని చూసుకోండి, బ్యాలెన్సింగ్ చేయించండి. కొత్త టైరు పై పొర నున్నగా జారుతూ ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకు, గట్టిగా వంచడం రెండూ మానుకుని, పుత్తూరు, నగరి వైపు పోయి రండి. కొత్త టైరుకు కొండ మీదే పూజ చేయించాలనుకుంటే, అది ఆ తర్వాత పెట్టుకోండి.