మున్‌స్టర్ రాగి నాణెం రివ్యూ: కత్తి బావుంది, మెరుపే బాలేదు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రెండు నాణేలూ నేను కొన్నవి కావు. ఓ డీలర్ రివ్యూ కోసం ఊరికే పంపారు. బరువు, సైజు కేటలాగుల్లో ఉంటాయి, వాటి జోలికి పోను.

ఇది చూడండి, జర్మనీలోని మున్‌స్టర్‌ది, 3 ఫెనిగ్‌ల నాణెం. 18వ శతాబ్దంలో అక్కడ బిషప్పే రాజు. అయితే ఈ రాగి బిళ్ల వేయించింది కెథడ్రల్, అంటే బిషప్పుగారి పెద్ద చర్చి, పెద్దల మండలి. అందుకే దీనిమీద రాజుగారు లేరు. ఆ కెథడ్రల్ సెయింట్ పౌలు పేరు మీదిది కదా, ఆయనే కత్తి పట్టుకుని ఉన్నాడు. దగ్గరికి పెడతా... ముక్కు లేదు, కళ్లు లేవు, అంతా అరిగిపోయింది. కత్తి మాత్రం చెక్కుచెదరలేదు! అక్కడ 12 ఫెనిగ్‌లు ఒక షిల్లింగు, 28 షిల్లింగులు ఒక థాలర్. అంటే ఒక్క థాలర్‌కి ఇలాంటివి 112 పోగెయ్యాలి. ఎన్ని చేతుల్లో నలిగిందో ఆ ముఖం!

ఇక రెండోది. ఇదే బిళ్ల, డీలర్ మాటల్లో 'బెటర్ కండిషన్'. నాకైతే ఒళ్లు మండింది. పండక్కి చింతపండు పెట్టి రాగి చెంబు తోమినట్టు తోమేశారండీ! రెండొందల ఏళ్ల పైచిలుకు పట్టిన ముదురు రంగు పోయి గులాబీ రంగు తేలింది. అక్షరాల అంచులు కూడా మొద్దుబారాయి. నా దగ్గర 1808 నాటి మద్రాసు 20 కాసుల బిళ్ల ఉంది, 1809లో మునిగిన అడ్మిరల్ గార్డనర్ ఓడలోది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానింది కూడా ఇంతకంటే నయం.

అన్నట్టు, పోయినేడు మైంజ్‌ది అని చెబితే నమ్మి ఓ చక్రం బొమ్మ నాణెం కొన్నా. తీరా చూస్తే ఓస్నాబ్రుక్‌ది. రెండూ జర్మనీలోవే. రెండు రాజ్యాల గుర్తూ చక్రమే మరి! మైంజ్‌ది ఎర్ర డాలు మీద వెండి చక్రం, ఓస్నాబ్రుక్ బిషప్పుది వెండి డాలు మీద ఎర్ర చక్రం. రాగి బిళ్ల మీద రంగెక్కడ కనిపిస్తుంది చెప్పండి? 1764లో ఇంగ్లండ్ రాజుగారి ఆరునెలల పిల్లాణ్ని బిషప్పుగా ఎన్నుకున్నది కూడా ఆ ఓస్నాబ్రుక్‌లోనే. పాలు తాగే బిషప్పు! అది తెలిశాక కోపం సగం తగ్గింది.

సరే, తీర్పు. ముఖం లేని పౌలు నా దగ్గరే ఉంటాడు, డబ్బిచ్చి కొనమన్నా కొంటా. తోమింది మాత్రం తిరిగి పంపేస్తున్నా. పార్సిల్‌లో కాస్త చింతపండు కూడా పెట్టనా అంటోంది మా ఆవిడ.