ఏ పురుగో తెలియకుండా మందు పోయవద్దు

(విజయవాడ మొగల్రాజపురంలో అక్వేరియం ప్రియుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట పనులు మానుకుని గుంటూరు, తెనాలి, బందరు, బాపట్ల నుంచి కూడా వచ్చిన మిత్రులకు, వారితో వచ్చిన పిల్లలకు నమస్కారం. సూర్యలంక దగ్గర రొయ్య పిల్లల హేచరీలో 26 ఏళ్లు పనిచేసి రిటైరైన నన్ను మాట్లాడమని పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు.

వారు నాకిచ్చిన అంశం వేసవిలో ఉప్పునీటి తొట్టి సంరక్షణ. దాని గురించి చెప్పవలసింది చెప్పేస్తాను. మే నెలలో బయట 45 డిగ్రీలు కాస్తున్నప్పుడు తొట్టి నీరు 27 డిగ్రీలు దాటకుండా చూడడానికి నీటిని చల్లబరిచే యంత్రమైన చిల్లర్‌ను మించినది లేదు. అది లేనివారు నీటి మీదికి ఫ్యాను పెట్టుకోవచ్చు గాని, ఆవిరైపోయేది నీరే తప్ప ఉప్పు కాదు కాబట్టి, తగ్గినంత మేరా ఆర్వో మంచినీరే కలపాలి, ఉప్పునీరు కలపకూడదు. సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉండాలి. ఈ అంశం మీద మిగతా వివరాలు మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. మిగిలిన సమయాన్ని నా తొట్టిలో జరిగిన ఒక నష్టాన్ని చెప్పడానికి వాడుకుంటాను, అధ్యక్షులు అనుమతించాలి. అటువంటిది ఇంకొక ఇంట్లో జరగకూడదన్నదే నా తాపత్రయం.

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి హాలులో నాలుగడుగుల పొడవున, 300 లీటర్ల తొట్టి ఉండేది. అందులో రాతి గూడు కట్టని మెత్తటి పగడపు జీవులు, అంటే జోయాంథిడ్‌లు, మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్, వాటితో ఒక జత క్లౌన్ చేపలు ఉండేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి రాతి పగడాలన్నీ ఉన్నాయి కాబట్టి వాటి జోలికి నేను పోలేదు. అయితే అడుగున పేర్చిన 30 కిలోల లైవ్ రాక్, అంటే జీవాలు కాపురమున్న సముద్రపు రాయి, మాత్రం ఒక దుకాణంలో కొన్నాను. అది ఏ సముద్రం నుంచి వచ్చిందో, ఆ దుకాణంలో ఎన్ని రోజులుగా ఉందో నేను అడగలేదు, వారు చెప్పలేదు. మన దేశంలో పగడపు దిబ్బలున్న ముఖ్యమైన చోట్లు నాలుగే: కచ్ సింధుశాఖ, పాక్ అఖాతంతో కలిపి మన్నారు సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. ఆ దిబ్బల నుంచి విరిచి తెచ్చిన రాయి దుకాణంలో ఉండడమే నేరం. అడిగి ఉంటే కొనేవాణ్ణి కాదేమో. అడగలేదు, ఆ తప్పు నాది.

లైవ్ రాక్ అంతా బొరియలే. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ బొరియలలోనే కాపురముంటుంది. తొట్టికి ఊపిరి పోసే ఆ బొరియలలోనే పురుగులు కూడా ఉంటాయి. పగలంతా లోపల ముడుచుకుని, దీపాలు ఆర్పాక తలలు బయట పెడతాయి. ఏళ్ల తరబడి తొట్టి పెంచినవారు కూడా తమ రాళ్లలో ఏముందో చూడకుండా గడిపేయవచ్చు.

మా తొట్టిలో మొదట నత్తలు చనిపోయాయి. గాజుకు పట్టిన నాచు తినడానికి 12 నత్తలను వదిలితే, నెల తిరిగేసరికి ఐదు మిగిలాయి. గుల్లలు చెక్కు చెదరకుండా ఉండేవి, లోపల మాంసం ఉండేది కాదు, మూతి దగ్గర పలచటి జిగురు సాగుతూ ఉండేది. ఆ జిగురును నేను చేతి వేళ్లతో తుడిచాను, వాసన కూడా చూశాను, అయినా దాని అర్థం గ్రహించలేదు. పురుగులకు ఎర్ర కాంతి అంతగా తెలియదని విని, టార్చికి ఎర్ర సెల్లోఫేన్ చుట్టి, రాత్రి ఒంటిగంటకు తొట్టి ముందు కూర్చున్నాను. రాతి సందుల్లోంచి గులాబీ, గోధుమ కలిసిన రంగులో, రెండు పక్కలా తెల్లటి ముళ్ల కుచ్చులతో, వేలెడు పొడవున పదీ పదిహేను పురుగులు పాకుతూ వచ్చాయి. ఒకటి చనిపోయిన నత్త గుల్లలోకి దూరింది. దొంగ దొరికిందనుకున్నాను.

మర్నాడు ఒకరి సలహా మీద కుక్కలకు నులిపురుగులు పోవడానికి పట్టించే ఫెన్‌బెండజోల్ తెచ్చి నీటిలో కలిపాను. ఆ రాత్రి కూడా పురుగులు కనబడడంతో రెండో రోజు ఇంకొంత కలిపాను. మూడో రోజు తెల్లవారుజామున కరెంటు పోయి పంపులు ఆగాయి. ఐదు గంటలకు హాలులోకి వస్తే ఎండు చేపల బుట్ట తెరిచినట్టు వాసన. నీరు కడుగునీళ్లలా ఉంది. రాళ్లలో ఉన్న వందలాది పురుగులు ఉన్నచోటనే చచ్చి కుళ్లాయి. అమ్మోనియా పరీక్ష గొట్టంలో నీరు పసుపుగా ఉండవలసింది ముదురు ఆకుపచ్చకు తిరిగింది. పీహెచ్ 8.2 ఉండే ఉప్పునీటిలో అమ్మోనియా మంచినీటిలో కంటే ఎక్కువ విషంగా మారుతుందని నాకు తెలుసు. హేచరీలో ఆ సంగతి కుర్రవాళ్లకు పాఠంగా చెప్పినవాణ్ణి. మా మనవరాలు పూలకుండీ పెంకు ఒకటి తెచ్చి తొట్టిలో పెట్టింది, క్లౌన్ జత దాని మీద గుడ్లు పెడుతుందని. పెద్ద చేప ఆ పెంకును ఆనుకుని పక్కకు ఒరిగి ఉంది, మొప్పలు తెరుచుకుని ఉన్నాయి. చిన్నదాన్ని బకెట్లోకి మార్చి బతికించగలిగాను.

మధ్యాహ్నం తొట్టి ఖాళీ చేసి రాళ్లు ఒక్కొక్కటి కడుగుతుంటే, అడుగున ఉన్న ఒక రాయి బొరియలోంచి నారింజ రంగు తాడు వేలాడుతోంది. పట్టుకుని లాగితే అడుగున్నర పొడవు వచ్చింది. ఒళ్లంతా నున్నగా ఉంది, ముళ్లు లేవు, తల మీద మీసాలు లేవు, చుట్టూ జిగురు. నత్తల మూతి దగ్గర నేను తుడిచిన జిగురే అది. శాస్త్రంలో దీని పేరు ఓనోన్ ఫుల్జిడా. నత్తలను, ఆల్చిప్పలను జిగురుతో చుట్టి తినడం దాని పని. ముళ్ల పురుగులు మాత్రం అది తినగా మిగిలిన ఎంగిలి శుభ్రం చేయడానికి వచ్చాయి. మీరు దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి. 30 కిలోల రాళ్లలో నేరం చేసింది ఒక్క పురుగు. ఆ ఒక్క రాయిని బకెట్లోకి తీసి ఉంటే తొట్టి నిలిచేది. మందు రాళ్లలో ఇంకిపోయింది. ఆరు నెలల తరువాత వదిలిన నత్తలు కూడా బతకలేదు.

అందువల్ల మొట్టమొదట పురుగును గుర్తించాలి. రెండు పక్కలా కుచ్చులున్న ముళ్ల పురుగులలో అధిక భాగం పాచి, మిగిలిన మేత, చచ్చిన జీవాలు తిని బతుకుతాయి. అవి మరీ పెరిగాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. చేతికి గుచ్చుకుంటే గొంగళి పురుగు కుట్టినట్టు మండుతుంది, అప్పుడు రుద్దకుండా సెల్లోటేపు అంటించి లాగి, వెనిగర్ రాయాలి. తల మీద ఐదు మీసాలు, ఒంటి మీద నెమలి కంఠం వంటి మెరుపు ఉంటే అది యూనిసిడ్ జాతి. వాటిలోనూ అన్నీ హానికరం కావు. అందరూ భయపడే బాబిట్ పురుగు, అంటే యూనిస్ ఆఫ్రొడైటోయిస్, ఆ జాతిదే. ఇంగ్లండులోని న్యూక్వే పట్టణపు బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు కత్తిరించినట్టు తెగిపోతుంటే, పెట్టిన బోనులు కూడా చిరిగిపోతుంటే, చివరికి 2009లో రాయి తరువాత రాయి విప్పి నాలుగడుగుల పురుగును బయటికి తీశారు. జపాన్‌లోని షిరహామా రేవులో దొరికిన ఒకటి 299 సెంటీమీటర్ల పొడవు, 433 గ్రాముల బరువు, 673 ఖండాలు ఉన్నది. అనుభవజ్ఞులున్న ఆ న్యూక్వే అక్వేరియంలో సైతం నాలుగడుగుల పురుగు దాక్కోగలిగింది, మన హాలులోని తొట్టి ఎంత?

పట్టే పద్ధతి తొందర లేనిది. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పచ్చి రొయ్య ముక్క పెట్టి, అనుమానమున్న బొరియ పక్కన రాత్రి ఉంచాలి, తెల్లవారకముందే చూడాలి. అది ఏ రాయిలో ఉందో తెలిశాక, ఆ రాయిని కదిలించినట్టు కూడా తెలియకుండా ఒక్కసారిగా ఎత్తి బకెట్లో పెట్టాలి. బొరియలోకి ఆర్వో నీరు పోస్తే ఉక్కిరిబిక్కిరై బయటికి వస్తుంది. సగం వచ్చినప్పుడు ఆశపడి లాగవద్దు. తెగితే లోపల మిగిలిన తల భాగానికి తోక మళ్లీ పెరుగుతుంది. గాజు మీద, కోరల్స్ మీద తుప్పు రంగు మచ్చల్లా పరచుకునే చదును పురుగుల సంగతి వేరు. వాటికి లెవమిసోల్ అనే నులిపురుగుల మందు పనిచేస్తుంది. కాని చచ్చేటప్పుడు అవి వదిలే విషం చేపలను చంపుతుంది. అందుకని ముందు సన్నటి గొట్టంతో పీల్చి వీలైనన్ని తీసేసి, విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్, మార్చడానికి సరిపడా ఉప్పునీరు సిద్ధం చేసుకున్నాకే మందు ముట్టుకోవాలి. గుడ్లకు మందు తగలదు గనుక కొన్నాళ్లాగి మళ్లీ చేయాలి. సిక్స్‌లైన్ రాస్ వంటి చేప కొన్నిటిని ఏరుకు తింటుంది, అన్నిటినీ తింటుందని నమ్మవద్దు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. వెనుక వరుసలో ఉన్నవారు కూడా వినాలి. రాయిని గిన్నెలో వేసి మరిగిస్తే పురుగు చస్తుందని నాకు కూడా సలహా ఇచ్చారు. అమ్మల్లారా, అయ్యల్లారా, ఆ పని చేయవద్దు. జోయాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలిథోవాలలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. అది వేడికి విరగదు, ఆవిరితో కలిసి గాలిలోకి లేస్తుంది. ఇతర దేశాలలో ఇలా రాళ్లు మరిగించి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి. వంటింటి పొయ్యి మీద, పిల్లలున్న ఇంట్లో, ఒక పురుగు కోసం ఆ పని వద్దు. వేడినీళ్లు పోయడం, బ్రష్షుతో గట్టిగా రుద్దడం కూడా వద్దు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ రాళ్లను ముట్టుకోవద్దు.

క్వారంటైన్, అంటే కొత్తగా తెచ్చినదాన్ని కొన్నాళ్లు వేరుగా ఉంచడం, అనగానే మన వాళ్లు అంత ఓపిక ఎవరికుంది అంటారు. ఈ సభలో రొయ్యల రైతులు ఉన్నారు, చేతులెత్తమంటే సగం మంది ఎత్తుతారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్య చెరువులను ఏం చేసిందో మీరు చూశారు, కొందరు పొలాలు అమ్ముకున్నారు. 2009లో వనామీ రకం రొయ్య వచ్చినప్పుడు, దిగుమతయ్యే ప్రతి తల్లి రొయ్య చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం గుండా రావాలన్న నియమంతోనే వచ్చింది. తల్లి రొయ్యలకు మేతగా వేసే పాలీకీట్ పురుగుల ద్వారా రోగం వస్తుందేమోనని మా హేచరీలో వైరస్ ఆనవాలు పట్టే పీసీఆర్ పరీక్ష లేకుండా వాటిని వేసేవాళ్లం కాదు. ఎర్రలకు పరీక్ష చేయించిన ఈ చేతులే ఇంటికి వచ్చి, కొత్త రాయిని నేరుగా తొట్టిలోకి దించాయి. పీసీఆర్ అడగనిదే చెరువులోకి సీడ్, అంటే రొయ్య పిల్లలు, దించని మీరు, లక్ష రూపాయల తొట్టిలోకి వంద రూపాయల జోయాంథిడ్ ముక్కను వచ్చినరోజే దించుతున్నారు. ఎందుకండీ? 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, చిన్న పంపు, ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. రాళ్లు చీకట్లో ఉంచండి, వారానికి రెండుసార్లు ఎర్ర టార్చితో చూడండి, రొయ్య ముక్క పెట్టండి. కోరల్ ముక్కను డిప్‌లో, అంటే పురుగుల మందు కలిపిన నీటిలో, ముంచినా, అడుగున అతికిన గుడ్లు బతికే ఉంటాయి, వాటిని బ్లేడుతో గీకేయండి, లేదా ఆ అడుగు ముక్కను కోసి పారేయండి.

ఇప్పుడు మా తొట్టిలో సముద్రం నుంచి తెచ్చిన రాయి ఒక్కటీ లేదు. సిరామిక్ రాళ్లను వాడుతున్నాను, బాక్టీరియా పట్టడానికి మూడు నెలలు ఆగాను. ఆ బతికిన చిన్న క్లౌన్ అందులోనే ఉంది.

ఆ నారింజ పురుగును స్పిరిట్ సీసాలో పెట్టి తెచ్చాను. స్పిరిట్‌లో రంగు పోయి తెల్లబడింది గాని, తల, ఒంటి నునుపు స్పష్టంగా తెలుస్తాయి. దాని పక్కన రెండో సీసాలో ఒక ముళ్ల పురుగు ఉంది. ఎడమవైపు బల్ల మీద, భూతద్దం దగ్గర పెట్టాను. పిల్లలను ముందు చూడనివ్వండి. భోజనాల తరువాత నేను అక్కడే ఉంటాను, మీ తొట్టిలో కనబడిన పురుగు ఫోటోలు ఫోనులో ఉంటే తీసుకురండి, కలిసి చూద్దాం.